అమ్మకు బుధవారం, నాకు మంగళవారం

మా నాన్నగారు సియాటిల్‌లో ఉన్న అయిదున్నర నెలల్లో చేతి గడియారాన్ని ఒక్కసారి కూడా ఇక్కడి సమయానికి తిప్పలేదు. జూన్ మొదట్లో విమానం దిగినప్పుడు అది విశాఖపట్నం సమయం చూపిస్తోంది. నవంబరు మూడోవారంలో తిరుగు విమానం ఎక్కినప్పుడూ అంతే. "దీన్ని తిప్పాల్సిన పనేముందిరా, అరగంట తీసేస్తే మీ టైము వచ్చేస్తుంది కదా" అనేవారు. నిజమే. వేసవిలో రెండు ఊళ్ల మధ్య తేడా పన్నెండున్నర గంటలు. ముళ్ల గడియారానికి పగలూ రాత్రీ తెలియవు కనుక పన్నెండు గంటలు దాని లెక్కలోకే రావు. మిగిలేది అరగంట. నాన్న చేతికి తొమ్మిదైతే మా వంటింటి గోడకు ఎనిమిదిన్నర. ఆయన చేతికున్నది రేపటి పొద్దు, మా గోడకున్నది ఇవాళ్టి రాత్రి, అంతే తేడా.

నాన్న విశాఖ పోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఏ ఓడ ఎప్పుడు లోపలికి రావాలి, ఏది ఎప్పుడు కదలాలి అనే కాగితాల మధ్యే ఉద్యోగమంతా గడిచింది. మా ఇంట్లో గూటిలో రెండు పుస్తకాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి పంచాంగం, రెండోది ఆటుపోట్ల పట్టిక. మొదటిది చూస్తే రెండోది సగం తెలిసిపోతుందనేవారు. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దది, అష్టమి వెళ్లాక చిన్నది. ఇందులో శాస్త్రం ఎంతో చిన్నప్పుడు నాకు తెలియదు కానీ, బీచికి వెళదామని మేం మారాం చేస్తే ఆయన ముందు తిథి చెప్పి ఆ తర్వాత చెప్పులేసుకునేవారు.

అలాంటి మనిషికి సియాటిల్ జూన్ నెల పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఆ నెల మూడోవారంలో ఇక్కడ సూర్యుడు ఉదయం 5.11కి లేచి రాత్రి 9.10కి గానీ అస్తమించడు. సాయంసంధ్య వార్చుకుందామని స్నానం చేసి ఏడింటికే కూర్చున్న నాన్న, కిటికీలోంచి పడుతున్న ఎండ చూసి లేచేవారు. ఎనిమిదింటికి మళ్లీ కూర్చునేవారు, మళ్లీ లేచేవారు. సంధ్య వార్చందే భోజనం చేయరు. అమ్మ కంచం ముందు కునికిపాట్లు పడేది. నాలుగు రోజులయ్యాక "నా ఆకలికి విశాఖ సూర్యుడే అలవాటు, వీడితో కుదరదు" అని ఫలహారం చేసి మరీ సూర్యుడి కోసం కాచుకోవడం మొదలుపెట్టారు.

విశాఖలో సూర్యుడితో ఇలాంటి పేచీ లేదు. ఆ ఊరు ఉండేది 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. జూన్‌లో అయిదుంబావు దాటాక ఉదయం, ఆరున్నర దాటాక అస్తమయం. డిసెంబరులో ఆరుంబావు దాటాక ఉదయం, అయిదున్నర లోపే అస్తమయం. ఏడాది మొత్తంలో పగలు పెరిగేదీ తరిగేదీ రెండు గంటలే. సియాటిల్ 47.6 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ పగలు పదహారు గంటల నుంచి ఎనిమిదిన్నర గంటలకు పడిపోతుంది.

పైగా మన ఊరి గడియారం అబద్ధం చెప్పదని నాన్నకు ఒక గర్వం. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ విశాఖకు వంద కిలోమీటర్ల లోపే, తుని పక్కనుంచి పోతుంది. అందువల్ల గడియారం పన్నెండు కొట్టేటప్పటికి సూర్యుడు కూడా ఇంచుమించు నడినెత్తినే ఉంటాడు. 1906లో ఆ సమయం రాకముందు రైళ్లు మద్రాసు టైముకు నడిచేవని, అది ఇప్పటి టైముకు దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక అని ఆయనే చెప్పేవారు. అస్సాం వాళ్లకు నాలుగున్నరకే తెల్లవారుతుందని, గుజరాత్ వాళ్లకు ఆలస్యంగా పొద్దుపోతుందని జాలి పడేవారు కూడా. సియాటిల్ వేసవిలో మాత్రం మిట్టమధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు వస్తుంది. వేసవి కోసం గడియారాన్ని గంట ముందుకు తిప్పేసిన ఫలితం. మొదటిసారి ఈ లెక్క చెప్పినప్పుడు నాన్న చాలాసేపు ఏమీ అనలేదు.

ఊరు మాత్రం ఆయనకు నచ్చింది. రేవుపట్నం కదా, ఉప్పుగాలి ఉంటే చాలు. సియాటిల్‌లోనే బల్లార్డ్ అనే పేటలో 1917 నాటి లాకులున్నాయి. ఉప్పునీటి సముద్రపు పాయకూ మంచినీటి సరస్సులకూ మధ్య పడవలను ఎత్తి దించుతాయి. పోటును బట్టి 6 అడుగుల నుంచి 26 అడుగుల దాకా ఎత్తాలి. విశాఖలో పెద్ద పోటుకు కూడా నీరు మనిషి ఎత్తు పెరగదు. ఇక్కడ మామూలు రోజున పదకొండు అడుగులు లేచి పడుతుంది. అదీ మన దగ్గరలా రెండు పోట్లూ ఇంచుమించు సమానంగా కాదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నాన్న అక్కడి రెయిలింగు పట్టుకుని నాలుగు గంటలు నిలబడ్డారు. చేపలు ఎగిరి మెట్లెక్కే చోటు పక్కనే ఉంది, జూలైలో జనమంతా అటే ఎగబడతారు. ఆయన అటు చూడలేదు. లాకు నడిపే ఉద్యోగులు తాళ్లు కట్టించే పద్ధతినే చూస్తూ, మధ్యమధ్యలో వాళ్ల తప్పులు నాకు చెబుతున్నారు. తప్పులున్నాయో లేదో నాకు తెలియదు.

వాన సంగతి మరీ విడ్డూరం. సియాటిల్ అంటే వాన ఊరని లోకమంతా అంటుంది. కానీ ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇక్కడ పడేది సుమారు వెయ్యి మిల్లీమీటర్లు, విశాఖలో అంతకంటే ఒక పిసరు ఎక్కువే. తేడా అంతా పడే తీరులోనే. మన వాన కుండపోతగా వచ్చి, రోడ్లు ముంచి, కరెంటు తీసేసి వెళ్లిపోతుంది. ఇక్కడి వాన అక్టోబరులో వచ్చిన దూరపు చుట్టంలా ఏప్రిల్ దాకా కదలదు, గట్టిగా మాట్లాడదు. పాతకాపులు గొడుగు పట్టుకోరు. గొడుగు కనిపించిందంటే కొత్తగా వచ్చినవాడని అర్థం.

మేఘాలు విడిచినప్పుడు మాత్రం దక్షిణాన 4,392 మీటర్ల రెయినియర్ కొండ మంచు కప్పుకుని నిలబడుతుంది. ఆ రోజు ఇక్కడివాళ్లు ఒకరికొకరు "కొండ బయటికొచ్చింది" అని చెప్పుకుంటారు. లిఫ్టులో ముఖం తిప్పుకుని నిలబడే పక్కింటివాడు కూడా ఆ ఒక్క మాట అంటాడు. నాన్న దానికి వెంటనే పోలిక వెతికేశారు. సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనంలో ఉండి, వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. "వీళ్లకూ ఒక అప్పన్న ఉన్నాడన్నమాట, కాకపోతే ఏ తిథికి కనిపిస్తాడో ముందుగా చెప్పడు" అన్నారు.

మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆయనకు ఊపిరాడలేదు. విశాఖలో సాయంత్రం ఆరింటికి మా వీధిలో తలుపులు వేసి ఉంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. పది దాటినా రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామి ముందు పిల్లలు పరుగెడుతూనే ఉంటారు, మురీ మిక్చర్ బండివాడు గరిటె మోగిస్తూనే ఉంటాడు. ఇక్కడ సాయంత్రం ఆరింటికి రాత్రి భోజనం అయిపోతుంది, ఎనిమిదింటికి వీధిలో కుక్క కూడా ఉండదు. ఎదురుపడితే నవ్వుతారు, వాతావరణం గురించి రెండు మాటలంటారు, "ఎప్పుడైనా కలుద్దాం" అంటారు. ఆ ఎప్పుడైనా ఎప్పుడూ రాదు. ఈ ఊరివాళ్లే దానికి సియాటిల్ ఫ్రీజ్ అని పేరు పెట్టుకున్నారు. అలాగని చెడ్డవాళ్లని కాదు. నాన్న ఒకసారి దారి తప్పితే, ఒక ముసలాయన తన కుక్కతో సహా మా గుమ్మం దాకా నడిచొచ్చి దిగబెట్టి వెళ్లాడు. లోపలికి రమ్మంటే మాత్రం రాలేదు. వచ్చి ఉంటే నాన్నకు ఆ ఊరు ఇంకా బాగా నచ్చేది.

నవంబరు మొదటి ఆదివారం వచ్చింది. తెల్లవారుజామున రెండింటికి గడియారాలన్నీ గంట వెనక్కి వెళ్లాయి. నాన్న అరగంట చిట్కా ఆ పూటతో చెడిపోయింది. ఇప్పుడు తీసేయాల్సింది గంటన్నర. "దేశం మొత్తం ఒక్కరాత్రిలో గడియారం తిప్పమంటే తిప్పేస్తుందా?" అని ఆశ్చర్యపోయారు. మనమూ యుద్ధకాలంలో 1942 నుంచి 1945 దాకా గంట ముందుకు తిప్పామని గుర్తుచేశాను. "అది యుద్ధం కదరా, వీళ్లకిప్పుడు ఎవరితో?" అన్నారు. ఈ తిప్పుడు ఆపేసి ఏడాది పొడుగునా వేసవి సమయమే ఉంచుకుంటామని ఈ వాషింగ్టన్ రాష్ట్రం 2019లోనే చట్టం చేసుకుంది. దానికి కాంగ్రెసు, అంటే అమెరికా పార్లమెంటు, ఒప్పుకోవాలి, ఒప్పుకోలేదు. ఏటా మార్చిలో ముందుకు, నవంబరులో వెనక్కి.

ఆ నెలలోనే ఆయన కాకులను గమనించారు. సియాటిల్ పక్కన మేముండే కిర్క్‌లాండ్ మీదుగా రోజూ మూడు దాటగానే కాకులు బారులు తీరి ఉత్తరానికి ఎగురుతాయి. పదీ ఇరవై కాదు, ఆకాశం మీద నల్లదారం లాగినట్టు వందలు వందలుగా. బోథెల్‌లో విశ్వవిద్యాలయం పక్కన ఒక చిత్తడి నేల ఉంది. చలికాలంలో చుట్టుపక్కల ఊళ్ల కాకులన్నీ రాత్రి నిద్రకు అక్కడికే చేరతాయి, పది వేలకు పైగా. నాన్న బాల్కనీలో శాలువా కప్పుకుని చూస్తూ, "వీటికి కూడా షిఫ్టు డ్యూటీ ఉన్నట్టుందే, సరిగ్గా టైముకు పోతున్నాయి" అన్నారు.

మరుసటి ఏడాది మార్గశిర బహుళ అష్టమినాడు నాన్న విశాఖలో పోయారు. సంవత్సరీకానికి నేను వెళ్లాను. ఆ తర్వాతి ఏడు సెలవు కుదరలేదు. ఇంటికి ఒక్కణ్ణే కొడుకుని. నువ్వక్కడ చెయ్యి, నేనిక్కడ స్వయంపాకం ఇస్తాను అంది అమ్మ.

మా వంటింటి గోడకు విశాఖ నుంచి తెచ్చిన తెలుగు క్యాలెండరు ఉంది. అందులో అష్టమి ఎదురుగా బుధవారం. అమ్మ ఇంటి పంతులుగారు కూడా బుధవారమే అన్నారు. అక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి స్వయంపాకం ఇస్తుంటే నేను ఇక్కడ ఫోనులో చూశాను. అప్పుడు నాకు మంగళవారం రాత్రి పదిన్నర. బియ్యం, పప్పు, అరటికాయలు, నెయ్యి, దక్షిణ. అమ్మ ఫోను కెమెరా వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. మర్నాడు నా బుధవారం. ఉపవాసంతో ఆఫీసుకు వెళ్లి, త్వరగా బయటపడి, గుడిలో స్వయంపాకం ఇచ్చి, ఇంటికొచ్చేసరికి నాలుగు కావస్తోంది. మా ఆవిడ గారెలు, పరమాన్నం, చేమదుంపల కూర చేసి ఉంచింది. ముద్ద కలిపి బాల్కనీ గోడ మీద పెట్టి కా, కా అని పిలిచాను. పైన వందల కాకులు. ఒక్కటి దిగలేదు. అన్నీ బోథెల్ దారిలో ఉన్నాయి. నాలుగుంబావు దాటాక చీకటి పడింది. పొద్దున్న చూస్తే గారె లేదు, ఉడుత పని.

అమ్మకు ఫోను చేస్తే మొదటి ప్రశ్నే "కాకి వచ్చిందా?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆమె ఏమీ అనలేదు కానీ ఆ వారమంతా ఆమె గొంతులో ఏదో తగ్గింది. నాన్నకు చేయాల్సిందేదో మిగిలిపోయిందని ఆమె భయం. నేను ఇలాంటివి గట్టిగా నమ్మేవాణ్ణి కాదు. నమ్మకపోవడం వేరు, అమ్మ భయపడుతుంటే చూస్తూ కూర్చోవడం వేరు. ఇక్కడి గుడి పురోహితుడికి ఫోను చేశాను.

ఆయన ముందు నవ్వారు. "అష్టమి మీ ఊళ్లో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉంది?" అన్నారు. పంచాంగంలో చూసి చెప్పాను. విశాఖలో మంగళవారం సాయంత్రం నాలుగింటికి మొదలై బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు వెళ్లిపోయింది. "పదమూడున్నర గంటలు తీసెయ్యండి" అన్నారు. తీసేశాను. సియాటిల్‌లో మంగళవారం తెల్లవారుజామున రెండున్నరకు మొదలు, బుధవారం తెల్లవారుజామున రెండింటికి ఆఖరు. అంటే నా బుధవారం పగలు ఒక్క నిమిషం కూడా అష్టమి లేదు. నేను నవమినాడు తద్దినం పెట్టాను.

తర్వాత ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పారు. తిథి అంటే చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు జరగడానికి పట్టే కాలం. ఒక్కోసారి పందొమ్మిది గంటలు, ఒక్కోసారి ఇరవై ఆరు. అది మొదలయ్యే క్షణం భూమి మొత్తానికి ఒకటే. ఆ క్షణానికి ఎవరి ఊళ్లో ఎంత పొద్దెక్కింది అన్నదే తేడా. పండుగల్లో చాలావాటికి సూర్యోదయానికి ఉన్న తిథి చూస్తారు. ఆబ్దికానికి మాత్రం అపరాహ్ణంలో ఉన్న తిథి కావాలి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగం అపరాహ్ణం. "ఎవరి పగలు?" అని అడిగాను. "మీరు నిలబడ్డ చోటి పగలు. విశాఖ పగటితో మీకేం పని?"

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. డిసెంబరు మధ్యలో ఇక్కడ 7.50కి సూర్యోదయం, 4.18కి అస్తమయం. అయిదో వంతు గంటా నలభై రెండు నిమిషాలు. అపరాహ్ణం ఒంటిగంటకు అయిదు నిమిషాల ముందు మొదలై రెండున్నర దాటిన కాసేపటికి అయిపోతుంది. అదే జూన్‌లో అయితే మూడింటికి కాస్త ముందు మొదలై సాయంత్రం ఆరు దాకా సాగుతుంది. నేను ముద్ద పెట్టిన వేళ తిథే కాదు, పూట కూడా దాటిపోయింది.

ఇంకో సంగతి కూడా ఆ కాగితం మీదే తేలింది. అమెరికాలో మనకు ఎప్పుడూ ముందురోజే వస్తుందనుకుంటే అదీ తప్పే. తిథి విశాఖలో మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మొదలై బుధవారం ఏడింటిదాకా ఉంటే, అక్కడా ఇక్కడా మంగళవారమే. అందుకే గుడ్డిగా ఒకరోజు తీసెయ్యడం కుదరదు, ప్రతి ఏడూ లెక్క వెయ్యాలి. (ఇక్కడి తెలుగు సంఘాలకు ఈ తలనొప్పి లేదు. ఉగాదైనా వినాయక చవితైనా వాళ్లకు తిథి ఒక్కటే, శనివారం.)

ఆ పక్క ఏడు నెల ముందే లెక్క వేసి పురోహితుడికి పంపాను. విశాఖలో సోమవారం, మాకు ఆదివారం. ఆయన సరిచూసి "ఈసారి పాసయ్యారు" అన్నారు. ఆదివారం కావడం వల్ల సెలవు అడిగే పని కూడా తప్పింది. పక్క ఊరు బెల్వ్యూ వెళ్లి అరటికాయలు, కాకరకాయలు తెచ్చాం. అరటి ఆకులు మంచుగడ్డల్లోంచి తీసినవి దొరికాయి, అంచులు నల్లబడ్డాయి కానీ ఆకులే.

పురోహితుడు పన్నెండింటికి వచ్చారు. సంకల్పంలో విశాఖలో అయితే జంబూద్వీపే, భరతవర్షే అని మొదలయ్యే చిరునామా ఇక్కడ క్రౌంచద్వీపే అని మారింది. చిన్నప్పటి నుంచి అర్థం పట్టించుకోకుండా వింటున్న మాటలు అవి. నేను ఎక్కడ నిలబడి ఉన్నానో ముందు చెప్పమంటున్నారని అప్పుడే తోచింది. పక్కనే బల్ల మీద నాన్న గడియారం ఉంది. ఆయన పోయాక అమ్మ నాకిచ్చింది. ఇప్పటికీ విశాఖ సమయానికే ఉంచాను. ఒంటిగంట దాటి ఇరవై నిమిషాలకు పిండప్రదానం జరుగుతుంటే అది రెండూ యాభై చూపిస్తోంది. అక్కడ ఇంకా తెల్లవారలేదు.

ముద్దలో గారె, నువ్వుల ఉండ, పరమాన్నం కలిపి బాల్కనీ గోడ మీద పెట్టాను. వెనక్కి రెండడుగులు వేశానో లేదో, ఎదురింటి దేవదారు మీదనుంచి ఒకటి దిగింది. తల ఒకవైపు వంచి నన్ను చూసి, గారె ముక్క నోట కరుచుకుని పక్కకు జరిగింది. ఆ వెనకే రెండోది వచ్చి అన్నం మీద పడింది.

అప్పటికి ఒకటీ యాభై. విశాఖలో సోమవారం తెల్లవారుజాము మూడూ ఇరవై. అమ్మ లేచాక చెబుదామనుకున్నాను, ఆగలేకపోయాను. మొదటి గంటకే ఫోను తీసింది.

"కాకి వచ్చిందా?"

"వచ్చిందమ్మా. రెండు వచ్చాయి."

"ముందు ఏది తీసుకుంది?"

"గారె."

"మీ నాన్న కూడా అంతే, ముందు గారే" అంది. కాసేపు ఫోనులో ఫ్యాను చప్పుడే వినిపించింది. "సరే, నేనింక పడుకుంటాను. పొద్దున్న పంతులుగారు వస్తారు, ఇక్కడ ఇవాళే కదా."